నాలుగు ఫిడేళ్ళూ, ఒక దగ్గూ

నా జన్మలో నేను అన్నింటికన్నా శ్రద్ధగా విన్న సంగీతం భజన కాదు, బుర్రకథ కాదు, రేడియో పాట కాదు. నలుగురు మగవాళ్ళు కుర్చీల్లో అర్ధచంద్రాకారంగా కూర్చుని నాలుగు ఫిడేళ్ళ మీద వాయించిన విలాయతీ సంగీతం. దానికి మాట లేదు, పాట లేదు, తబలా లేదు. అది కూడా తాతలనాటిది కాదు, అప్పుడే కొత్తగా రాసినది. అంత శ్రద్ధ నాకు రసికత వల్ల వచ్చిందని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ మంచితనం. నాకు భయం వల్ల వచ్చింది.

అరవైల మొదట్లో నాకు క్షయ పట్టింది. మాది తాండూరు. మా ఆయన నాపరాళ్ళ గనిలో లెక్కలు రాసే మునిషీ. దుమ్మంతా ఆయన మింగితే జబ్బు నాకెందుకు వచ్చిందని మా వీధిలో అందరికీ పెద్ద సందేహం. నాకూ అదే సందేహం, పైగా కోపం. వికారాబాద్ పక్కన కొండ మీద ఉన్న దవాఖానలో నన్ను చేర్పించారు. చుట్టూ అడవి, చల్లటి గాలి, పొద్దున్నే గుడ్డూ పాలూ, ఆ వెనకే సూది మందు. కొత్తగా వచ్చినవాళ్ళు "అబ్బ, ఎంత బాగుందో!" అని మురిసిపోయేవారు. నెల తిరిగేసరికి వాళ్ళకూ నాలాగే ఆ చెట్లను చూస్తే ఒళ్ళు మండేది.

నాకు ఒక కూతురు. దానికి ఏడాది నిండగానే అత్తమ్మ చేతుల్లో పెట్టి రైలెక్కాను. చిన్నపిల్లలను కొండ మీదికి రానిచ్చేవారు కాదు. అది సరైన పద్ధతేనని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన ఏడుపు ఆగుతుందా? నెలకో ఆదివారం మా ఆయన వచ్చేవాడు. ఆయన తెచ్చే కబుర్లు తంతి వార్తల కంటే పొట్టి.

"బిడ్డ నడుస్తున్నది."

"ఎట్ల నడుస్తున్నది?"

"కాళ్ళతోని."

ఆయన తప్పు కాదు. రాళ్ళతో బతికే మనిషి, మాటలు పొదుపుగా వాడేవాడు. దానికి పండ్లు వచ్చాయి, మాటలు వచ్చాయి, అన్నం తనంతట తనే తింటోంది. ఒక్కొక్కటీ నేను లేకుండానే వచ్చేస్తున్నాయి. ఒకసారి నోరు జారి, "మా అమ్మనే అమ్మా అంటున్నది" అన్నాడు. ఆ రోజు ఆయన తెచ్చిన జామపండ్లు నేను ముట్టుకోలేదు. నా బిడ్డ నన్ను పూర్తిగా మరిచిపోకముందే నేను ఇల్లు చేరాలి. ఆ దవాఖానలో నాకున్న పని అదొక్కటే. తిన్నా, పడుకున్నా, చేదు మాత్రలు మింగినా దాని కోసమే.

మా వార్డులో నా మంచానికి ఎడమవైపు, పిన్నమ్మ అన్నట్టుగా మేమంతా ఖాలా అని పిలిచే ఆమె ఉండేది. నవాబుపేట ఆమె, ఆమె భర్త టాంగా తోలేవాడు. దర్గాల దగ్గర ఉర్సుల్లో కవ్వాలీలు వింటూ పెరిగిన మనిషి కనుక ఏది బాగున్నా "వాహ్వా" అనకుండా ఉండలేదు. పప్పులో ఉప్పు సరిగ్గా పడినా వాహ్వానే. కుడివైపు అవ్వ. దౌల్తాబాద్ దిక్కు నుంచి వచ్చింది, గొర్లు కాసే కుటుంబం. ఒగ్గు కథలు తెల్లవార్లూ విన్న చెవులు ఆమెవి. కథ చెప్పేవాడు ఆగినచోట వినేవాళ్ళు "ఊఁ" కొట్టాలి, కొట్టకపోతే చెప్పేవాడికి అవమానం, కథ అక్కడే చచ్చిపోతుంది అని ఆమె నమ్మకం. నర్సు సిస్టరమ్మ మాత్రలు ఎలా వేసుకోవాలో చెబుతున్నా మాట మాటకూ ఊఁ కొట్టేది. "ఊఁ అంటే అయిపోయిందా అవ్వా, మింగాలె గద!" అని సిస్టరమ్మ విసుక్కునేది. దానికీ "ఊఁ" అనేది.

మాకు అక్కడ తిండికి లోటు లేదు, మందుకు లోటు లేదు. ఒక్క కబురుకే లోటు. నెలనెలా మా కళ్ళె డబ్బాల్లో పట్టి పరీక్షకు తీసుకుపోయేవారు. ఏం తేలిందో మాకు చెప్పేవారు కాదు. పెద్ద డాక్టరు గారు మంచం మంచం దగ్గరా ఆగి "బాగుంది, బాగుంది" అని వెళ్ళిపోయేవారు. బరువు పెరిగినవాళ్ళకూ బాగుందే, తగ్గినవాళ్ళకూ బాగుందే. ఆయన కోస్తా జిల్లాల మనిషి, విలాయతుకు పోయి చదువుకున్నారు. వస్తూ వస్తూ చదువుతో పాటు ఒక ఫిడేలు కూడా తెచ్చుకున్నారు. మామూలు ఫిడేలు కంటే కాస్త పెద్దది, గొంతు బొంగురు. సాయంత్రాలు ఆయన బంగళా నుంచి ఆ చప్పుడు వినిపిస్తే అవ్వ చెవి రిక్కించి, "సారింట్ల గొర్రె ఈనుతున్నట్టున్నది, కష్టమైన కాన్పు" అనేది.

ఒకరోజు సిస్టరమ్మ వార్డు మధ్యలో నిలబడి చాటింపు వేసింది.

"ఆదివారం పొద్దుగూకే యాళ్ళకు హాల్ల కచేరి ఉన్నది. పట్నం నుంచి ముగ్గురు వస్తున్నరు, మన పెద్ద డాక్టర్ సాబ్ గూడ వాయిస్తరు. అది సప్పుడు లేకుండ వినే సంగీతమంట. గంటసేపు దగ్గకుండ కూసునేటోళ్ళే రావాలె. ఒక్క దగ్గు వినపడొద్దు. వచ్చేటోళ్ళు పేర్లు చెప్పుర్రి, రాసుకుంట."

క్షయ దవాఖానలో దగ్గకుండా గంటసేపు! చెరువులోకి దింపి ఎవరూ తడవొద్దని చెప్పినట్టు ఉంది. నాకు నవ్వొచ్చింది, నవ్వితే దగ్గొచ్చింది. సిస్టరమ్మ తలుపు దాటిందో లేదో ఖాలా మంచం మీద లేచి కూర్చుంది.

"దగ్గకుండ గంటసేపు కూసునుడు. పేర్లు రాసుకునుడు. పెద్ద డాక్టర్ మన ఎదురుంగ కూసునుడు. బేటీ, ఇది కచేరి కాదు. ఇమ్తెహాన్! పరీక్ష పెడుతున్నరు మనకు."

"పరీక్షల పాసైతే ఏమిస్తరు?" అంది అవ్వ.

"ఇంటికి పంపిస్తరు. ఇంకేమిస్తరు?"

అంతే. పొద్దు గుంకకముందే ఆ మాట ఆడవాళ్ళ వార్డు అంతా తిరిగి మగవాళ్ళ వార్డుకు చేరింది. తెల్లారి మళ్ళీ మా దగ్గరికి వచ్చేసరికి దానికి కాళ్ళూ రెక్కలూ మొలిచాయి. పాసైనవాళ్ళు ఇంటికట, ఫెయిలైనవాళ్ళకు పక్కటెముకలు తీసే ఆపరేషనట. నేను ఏడో తరగతి దాకా చదివినదాన్ని, అంత తేలిగ్గా నమ్మకూడదు. కానీ నమ్మాను. ఎందుకంటే అప్పటిదాకా ఇంటికి పోవడమనేది మా చేతుల్లో లేని సంగతి, ఎవరో లోపలి గదిలో తేల్చే సంగతి. పరీక్ష అయితే కష్టపడవచ్చు, పాసు కావచ్చు. గంటసేపు దగ్గు ఆపుకుంటే బిడ్డ దగ్గరికి పోవచ్చు అంటే ఏ తల్లి నమ్మదు?

ఇక సాధన మొదలైంది. మధ్యాహ్నం అందరం మంచాల మీద బొమ్మల్లా కూర్చుని దగ్గు పట్టి ఉంచేవాళ్ళం. ముందు ఎవరో ఒకరికి పట్టు తెగిపోయేది, ఆ వెనకే వార్డంతా తెగేది. ఆవలింతకు అన్న ఉన్నాడు గాని తుమ్ముకు తమ్ముడు లేడంటారు. ఆ సామెత కట్టినవాడు దగ్గు సంగతి మరిచిపోయాడు. దగ్గుకు అన్నదమ్ములే కాదు, మేనత్త కొడుకులతో సహా అందరూ ఉన్నారు. ఖాలా అప్పుడే తన ట్రంకు పెట్టె సర్దుకుంది. అవ్వ తన ఇత్తడి చెంబును ఎదురు మంచం ఆమెకు ఇచ్చేస్తానని మాటిచ్చింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. నేను వాళ్ళిద్దరినీ ఎగతాళి చేశాను గాని, ఇంటికి పోయేటప్పుడు కట్టుకోవాలని ఒక మంచి చీర తీసి దిండు కింద మడత పెట్టుకున్నాను.

ఆదివారం వచ్చింది. భోజనాల హాల్లో బల్లలన్నీ తీసేసి బెంచీలు వేశారు. ఒకవైపు మగవాళ్ళు, ఒకవైపు మేము. తలుపు దగ్గర సిస్టరమ్మ, చేతిలో పేర్ల కాగితం. బయల్దేరేముందు అవ్వ నా బుగ్గలో కరక్కాయ ముక్క పెట్టింది. ఖాలా అతిమధురం వేరు ఇచ్చింది. నా జాగ్రత్తకు నేను రెండు మిరియాలు వేసుకున్నాను. ఒక్కొక్కటీ మంచి మందే. మూడూ కలిసి నా నోట్లో పంచాయితీ పెట్టుకున్నాయి.

నలుగురూ వచ్చి కూర్చున్నారు. అందరికన్నా పెద్దాయన ఒక విలాయతీ తాత, తెల్లజుట్టు, ఎర్రటి మెడ. చాలా ఏళ్ళుగా పట్నంలోనే ఉండి పిల్లలకు ఫిడేలు నేర్పేవాడట. ఇంకొకాయన నిలువెత్తు ఫిడేలును మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్నాడు. మరొకాయన సన్నగా, బెదురుగా ఉన్నాడు. నాలుగో ఆయన మా డాక్టరు గారు. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, దాని మీదుగా మా వైపు చూశారు. నేను నోరు బిగించి నిటారుగా కూర్చున్నాను. ఆయన తోటివాళ్ళ సైగ కోసం చూస్తున్నారని, ఆ నలుగురిలో ఎక్కువ భయపడుతున్నది ఆయనేనని నాకేం తెలుసు?

"ఈ సంగీతం ఈ పెద్దాయన సొంతంగా రాసింది" అన్నారు డాక్టరు గారు. "ఇంతకుముందు బయటివాళ్ళు ఎవరూ వినలేదు. మొదట వింటున్నది మీరే."

"అంటే పరీక్షల అడిగే సవాళ్ళు ఎవరికీ ముందుగాల తెల్వవన్నట్టు" అని ఖాలా నా చెవిలో గొణిగింది.

తీగలు బిగించారు, కుయ్యి కయ్యిమన్నారు, మొదలుపెట్టారు. ఒక ఫిడేలు ఏదో ఒకటి అనేది. రెండోది దాన్ని ఒప్పుకోకుండా ఇంకొకటి అనేది. మధ్యలో డాక్టరు గారిది గొణిగేది. నిలువెత్తు ఫిడేలు ఉండి ఉండి, ఊరి పెద్దమనిషి తగువు తీర్చినట్టు "ఊర్కోండిరా" అనేది. పట్టుకుందామంటే రాగానికి తోక దొరకదు. కాసేపటికి ఖాలా మళ్ళీ నా వైపు వంగి, "ఇంకా తీగలే బిగిస్తున్నరా? షురూ ఎప్పుడైతది?" అంది. సిస్టరమ్మ కళ్ళెర్రజేసింది.

అప్పుడు వచ్చింది నాకు దగ్గు. అడుగున ఎక్కడో చిన్న గరగరగా మొదలై మెట్టు మెట్టూ పైకెక్కుతోంది. మిరియం మంట, కరక్కాయ వగరు, అతిమధురం తీపి, వాటి కింద దగ్గు. మింగలేను, కక్కలేను. కళ్ళ వెంబడి నీళ్ళు కారుతున్నాయి. వాయిస్తున్న తాత ఆ నీళ్ళు చూశాడు. తన సంగీతానికి ఈ అమ్మాయి కరిగిపోయిందనుకున్నాడో ఏమో, ఆయన మొహం వెలిగిపోయింది.

ఇక ఆగదు, అయిపోయింది అనుకునేలోపు తాత గడ్డం పైకెత్తాడు. నాలుగు ఫిడేళ్ళూ ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. రైలు వంతెన మీద పోతున్నంత చప్పుడు. నేను కొంగు అడ్డం పెట్టుకుని ఆ చప్పుడు కింద తృప్తిగా దగ్గేశాను. పక్కన ఖాలా దగ్గింది. వెనక బెంచీ దగ్గింది. అవతల మగవాళ్ళు దగ్గారు. ఆ చప్పుడు తగ్గేసరికి మేమందరం బుద్ధిమంతుల్లా నోళ్ళు మూసుకుని ఉన్నాం. ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఉపాయం దొరికింది.

అప్పటినుంచి ఆ తాత గడ్డమే మాకు దేవుడు. గడ్డం లేచిందంటే చప్పుడు వస్తుంది, చప్పుడు వచ్చిందంటే దగ్గవచ్చు. కానీ గడ్డం లేచేదాకా కాచుకుని కూర్చుంటే ఊపిరి తీసుకునే వ్యవధి లేదు. ముందే తెలియాలి. అందుకని నేను వినడం మొదలుపెట్టాను, నిజంగా వినడం. బెదురాయన చేతిలోని ఫిడేలు ఒక చిన్న ముక్కను పట్టుకుని మళ్ళీ మళ్ళీ అంటుంది. అన్నప్పుడల్లా ఒక మెట్టు పైకి పోతుంది. నిలువెత్తుది కింద ఒకే స్వరం మీద కదలకుండా నిలబడుతుంది. డాక్టరు గారు నుదురు ముడి వేస్తారు. ఈ మూడూ కలిశాయంటే చప్పుడు దగ్గరికి వచ్చిందన్నమాట. రెండోసారి నా లెక్క సరిపోయింది, మూడోసారీ సరిపోయింది. నేను మోచేత్తో ఖాలాను పొడిచేదాన్ని, ఖాలా ముందు బెంచీని పొడిచేది. సరిగ్గా చప్పుడు లేచే సమయానికి హాలంతా దగ్గేది, దిగే సమయానికి ఆగేది. ఆ సంగీతంలో ఏ మలుపు ఎక్కడుందో వాయించేవాళ్ళ తర్వాత మాకే తెలుసు.

మధ్యలో ఒకచోట నలుగురూ ఒకేసారి ఆపేశారు. అయిపోయిందేమో అనుకుంటే, ఫిడేళ్ళు వాయించే కర్రలు గాలిలోనే ఉన్నాయి. ఎవరూ కదలరు. అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు. ఆ నిశ్శబ్దంలోకి అవ్వ, పాపం, చెప్పేవాళ్ళు తన కోసమే ఆగారనుకుని, మర్యాదగా, గట్టిగా "ఊఁ" అంది.

సిస్టరమ్మ తల పట్టుకుంది. తాత మాత్రం అవ్వ వైపు తిరిగి తల వంచి, ఆమె అనుమతి దొరికినట్టుగా మళ్ళీ మొదలుపెట్టాడు. అవ్వ నా వైపు చూసి, 'చూశావా, పెద్దమనిషికి తెలుసు' అన్నట్టు కనుబొమలు ఎగరేసింది. ఊఁ అనడం దగ్గు కిందికి రాదని నేను మనసులో ఆమెకు పాసు మార్కులు వేసేశాను.

ఇక చివరికి వస్తున్నట్టుంది. బెదురాయన తన చిన్న ముక్కను అందుకున్నాడు. ఈసారి ఇంతకుముందు కంటే ఎక్కువసార్లు, ఇంకా ఇంకా పైకి. నిలువెత్తుది కింద నిలబడి కదలదు. డాక్టరు గారి నుదురంతా ముడతలే. రాబోయేది అన్నింటికన్నా పెద్ద చప్పుడు, నాకు స్పష్టంగా తెలిసిపోయింది. అంత పెద్ద చప్పుడు కోసం నేను అంత పెద్ద దగ్గు దాచి పెట్టుకున్నాను. ఖాలాను పొడిచాను. హాలంతా ఊపిరి పీల్చుకుంది. తాత గడ్డం లేచింది, మునుపెన్నడూ లేనంత పైకి.

లేచి, నలుగురూ తీగలను ముట్టీ ముట్టనట్టు ముట్టుకున్నారు. నిద్రపోయిన పిల్ల మీద దుప్పటి కప్పేటప్పుడైనా అంతకన్నా ఎక్కువ చప్పుడవుతుంది.

దాని మీద మేమందరం ఒక్కసారిగా దగ్గాం.

అలాంటి దగ్గు ఆ కొండ మీద అంతకుముందు లేదు, తర్వాతా లేదు. గంట నుంచి బిగబట్టిన దగ్గులు, నెలల నుంచి దాచుకున్న దగ్గులు, అన్నీ బయటపడ్డాయి. ఒకరు ఆపితే ఇంకొకరు అందుకున్నారు. కిటికీ బయట పావురాలు లేచిపోయాయి. వాయించేవాళ్ళు ఆపేశారు. అందరం ఫెయిలయ్యామని నాకు అర్థమైంది. దిండు కింద మడత పెట్టిన చీర గుర్తొచ్చింది, మా అత్తమ్మను అమ్మా అంటున్న నా బిడ్డ గుర్తొచ్చింది. నాకు పుట్టుకతో వచ్చిన కోపం ఒకటుంది, అది సమయం సందర్భం చూసుకోదు. లేచి నిలబడ్డాను.

"సార్, ఇది ధర్మం కాదు! ఆ తాత గడ్డం లేపిండు. లేపితే పెద్దగ వాయించాలె. ఇప్పటిదాక గట్లనే వాయించిండు గద! గిప్పుడు మోసం జేసిండు. మా తప్పు లేదు. పరీక్ష మళ్ళ పెట్టుర్రి!"

డాక్టరు గారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "పరీక్షా? ఏం పరీక్షమ్మా?"

ఖాలా లేచి సంగతంతా చెప్పింది. పేర్లు రాసుకోవడం, పాసైతే ఇంటికి పంపడం, ఫెయిలైతే ఎముకలు తీయడం. చెబుతుంటే సిస్టరమ్మ పేర్ల కాగితాన్ని వీపు వెనక దాచుకుంది. డాక్టరు గారు ముందు నవ్వారు. ఇంగ్లీషులో తన స్నేహితులకు చెప్పారు, ఇద్దరు నవ్వారు. తాత నవ్వలేదు. ఆయన నన్నే చూస్తూ ఏదో అడిగాడు.

"అక్కడ పెద్దగా వస్తుందని నీకు ముందే ఎలా తెలిసిందని అడుగుతున్నారు" అన్నారు డాక్టరు గారు.

ఉన్నదున్నట్టు చెప్పాను. బెదురాయన మెట్లెక్కడం, నిలువెత్తుది నిలబడిపోవడం, డాక్టరు గారి నుదురు. నుదురు మాట ఆయన మింగేసి మిగతాది చెప్పారనుకుంటాను. తాత తొడ చరుచుకుని గడగడా మాట్లాడేశాడు.

"అక్కడ వినేవాళ్ళు మోసపోవాలనే ఆయన అలా రాశారట. అది ఎవరూ పట్టించుకోరు, తీసేయండి అని మేము ముగ్గురం అన్నాం. హాలు హాలంతా ఒకేసారి మోసపోయిందని ఆయన సంబరం" అన్నారు డాక్టరు గారు.

"మోసం జేసి మురుస్తున్నడు సూడు" అంది అవ్వ. ఖాలా మాత్రం తాత వైపు చెయ్యి చాచి, ఆ సాయంత్రం మొదటిసారి, "వాహ్వా!" అంది.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నిలబడినచోటే ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. గంటసేపు ఆపుకున్నది చాలు. డాక్టరు గారు ఫిడేలు కుర్చీలో పెట్టి నా దగ్గరికి వచ్చారు.

"ఇది పరీక్ష అని మీకు ఎవరు చెప్పారమ్మా?"

"ఎవ్వరు చెప్పలే సార్. ఎవ్వరు ఏది చెప్పరు. మీరొచ్చి బాగుంది అని పోతరు. ఏం బాగుందో, ఎంత బాగుందో తెల్వక మేమే ఏదో ఒకటి అనుకుంటం. మా బిడ్డ నన్ను మరుస్తున్నది సార్. నేను ఎప్పుడు పోవాలె?"

ఆయన బెంచీ మీద నా పక్కనే కూర్చున్నారు. వరసగా మూడు నెలలు కళ్ళెలో క్రిమి కనబడకూడదని, అప్పుడే ఇంటికి పంపుతారని చెప్పారు. నాకు పోయిన నెల కనబడలేదు. ఈ నెల మళ్ళీ కనబడింది. ఈ చలికాలం ఇక్కడే గడపాలి.

"దగ్గకపోయినా?"

"దగ్గకపోయినా."

ఆ కొండ మీద నాతో ఒకరు నిజం చెప్పడం అదే మొదలు. అది నేను కోరుకున్న నిజం కాదు. అయినా చీకట్లో తడుముకుంటున్నదానికి గోడ తగిలినట్టయింది. కళ్ళు తుడుచుకుని, "అయితే బిడ్డను ఒక్కపారి సూపియ్యుర్రి. దూరం నుంచే. ముట్టుకోను" అన్నాను. లోపలికి వీల్లేదు, గేటు బయట ఆరుబయట గాలిలో నిలబెట్టి చూపిస్తాం, నువ్వు గేటు దాటకూడదు, కొంగు నోటికి అడ్డం ఉండాలి అన్నారు ఆయన. సరే అన్నాను. నిచ్చెనెక్కి మేడ మీద నిలబడి చూడాలన్నా సరే అనేదాన్ని.

తాత ఆ సంగీతం మళ్ళీ మొదటినుంచి వాయిస్తానన్నాడు. ఈసారి ఎవరికి ఎప్పుడు దగ్గొస్తే అప్పుడు దగ్గమన్నాడు. మేము కరువుదీరా దగ్గాం. అవ్వ ఆగినచోటల్లా ఊఁ కొట్టింది, ఖాలా వాహ్వాలు వేసింది, డాక్టరు గారు రెండుచోట్ల దారి తప్పారు. ఆ మోసం చేసిన చోటు వచ్చినప్పుడు నేను ఆ మెల్లని దాన్ని మొదటిసారి పూర్తిగా విన్నాను. పక్కగదిలో ఎవరో మనల్ని లేపకుండా తమలో తాము మాట్లాడుకుంటున్నట్టుంది. అంత బాగుంటుందని నేను అనుకోలేదు. దాని మీద దగ్గినందుకు సిగ్గుపడ్డాను, తర్వాత మళ్ళీ దగ్గాను.

మరుసటి నెల నుంచి డాక్టరు గారు మంచం అంచున కూర్చుని ఎవరి సంగతి వాళ్ళకు విడమర్చి చెప్పడం మొదలుపెట్టారు. అవ్వ ప్రతి మాటకూ ఊఁ కొడుతూ, మధ్యలో ఆయన ఆగితే "తర్వాత?" అని అడిగేది.

ఆ నెలలోనే ఒక ఆదివారం మా ఆయన, అత్తమ్మ, బిడ్డ వచ్చారు. వికారాబాద్ స్టేషన్ నుంచి టాంగాలో వచ్చి గేటు బయట దిగారు. నేను మడతలో ఉన్న చీర కట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గేటు లోపల నిలబడ్డాను. టాంగాలోంచి దిగిన పిల్లను నేను గుర్తుపట్టలేదు. నేను వదిలి వచ్చింది చంకనెక్కే పిల్లను. ఈమె జడ వేసుకుని, గౌను దులుపుకుని, తనంతట తానే నడిచి వస్తోంది. ఆయన చెప్పింది నిజమే, కాళ్ళతోనే నడుస్తోంది.

అత్తమ్మ దాన్ని దూరంగానే ఆపింది. "అదిగో, మీ అమ్మ. పిలువు బిడ్డా."

అది నన్ను కింది నుంచి పైదాకా చూసింది. అత్తమ్మ కుచ్చిళ్ళ వెనక్కి పోయింది, మళ్ళీ తొంగి చూసింది. అమ్మా అనలేదు. చిన్న పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుని, "ఖుహూ, ఖుహూ" అని దగ్గింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "అత్తమ్మా! బిడ్డకు దగ్గు ఎప్పటిసంది?"

అత్తమ్మ నవ్వాపుకోలేకపోయింది. "దగ్గు లేదు, గిగ్గు లేదు. మీ అమ్మ దగ్గు దవాఖానల ఉన్నదని చెప్పిన. అక్కడ అందరు గట్లనే మాట్లాడుకుంటరు అనుకున్నది. తాండూరుల రైలెక్కినప్పటిసంది గిదే నేర్చుకుంటున్నది. అమ్మతోని మాట్లాడాలె అని."

బిడ్డ నా జవాబు కోసం చూస్తోంది. ఏడాదిన్నర నుంచి రాత్రీ పగలూ నన్ను విడవని దగ్గు ఆ నిమిషానికి ఎక్కడికి పోయిందో, ఎంత వెతికినా దొరకలేదు. కొంగు గట్టిగా అదిమి పట్టుకుని, లేని దగ్గు తెచ్చుకుని, దగ్గాను.

అది పకపకా నవ్వింది. అత్తమ్మ వెనకనుంచి బయటికి వచ్చి ఈసారి పెద్దగా దగ్గింది. నేనూ దగ్గాను. మా ఆయన టాంగా చక్రానికి ఆనుకుని మొహం అవతలికి తిప్పుకున్నాడు. అట్లా మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం.